పీఎస్‌ఎల్‌వీ రూపంలో అమ్ముతున్న కస్టమ్ రాకెట్ కిట్: డబ్బు కట్టేముందు ఇది చదవండి

అమలాపురం, భీమవరం, కాకినాడ వైపు పిల్లల సైన్స్ ఫెయిర్ కోసం మోడల్ రాకెట్ కిట్ వెతుకుతున్నవాళ్ళు జాగ్రత్తగా ఉండండి. "కస్టమ్ పీఎస్‌ఎల్‌వీ, నిజంగా ఎగురుతుంది" అంటూ ఒక రకం కిట్ అమ్ముతున్నారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. 63 సెంటీమీటర్ల ఎత్తు, 40 మిల్లీమీటర్ల గొట్టం, చుట్టూ ఆరు స్ట్రాపాన్లు (పక్కన అంటించిన చిన్న రాకెట్ గొట్టాలు), మీద జెండా స్టిక్కరు. 18 మిల్లీమీటర్ల మోటారు (రాకెట్‌ని ఎగరేసే మందు కూరిన గొట్టం) పట్టే మామూలు కిట్‌కే వేషం మార్చి అమ్ముతున్నారు, ప్రమాదమంతా ఆ మార్పులోనే ఉంది.

శ్రీహరికోట నుంచి లేచే అసలు పీఎస్‌ఎల్‌వీ 44 మీటర్ల ఎత్తు, 2.8 మీటర్ల వ్యాసం. దాన్ని తిన్నగా నడిపేది రెక్కలు కాదు. మొదటి దశ నాజిల్ లోకి పక్క నుంచి ద్రవం చిమ్మి మంట దిశనే తిప్పుతారు. మన అట్ట గొట్టానికి అలాంటి ఏర్పాటు ఉండదు కాబట్టి రెక్కలే దిక్కు, తారాజువ్వకి పుల్ల ఎలాగో అలా. అచ్చం అసలుదానిలా కనపడాలని రెక్కలు తీసేసిన కిట్ షోకేసులో పెట్టుకోవడానికే పనికొస్తుంది. దానికి మోటారు పెట్టొద్దు.

రెక్కలున్న కిట్‌లో ఇంకో తప్పు ఉంది, అది కంటికి కనపడదు. తేలికైన బల్సా చెక్క తీసేసి 3డీ ప్రింటర్ మీద పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేసిన రెక్కలు పెట్టారు. ఒక్కో రెక్క 20 చదరపు సెంటీమీటర్లు, మందం 2.4 మిల్లీమీటర్లు అనుకుంటే నాలుగు బల్సా రెక్కలూ కలిపి 3 గ్రాములు తూగుతాయి. అవే నిండుగా ముద్రించిన ప్లాస్టిక్‌వైతే 24 గ్రాములు. మోటారుతో సహా 80 గ్రాములున్న రాకెట్ బరువు ముక్కు కొస నుంచి 33 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తోందనుకోండి. తోక దగ్గర, అంటే 57 సెంటీమీటర్ల దగ్గర, ఈ 21 గ్రాములు అదనంగా చేరితే బరువు నిలిచే ఆ చోటు, అంటే గురుత్వ కేంద్రం, 38కి జారిపోతుంది. అయిదు సెంటీమీటర్లు! గురుత్వ కేంద్రం గాలి ఒత్తిడి కేంద్రం (గాలి తోపుడంతా కలిసి పనిచేసే చోటు) కంటే కనీసం ఒక గొట్టం వ్యాసం ముందుండాలన్నది ఈ పనిలో మొదటి సూత్రం. ఇక్కడ వ్యాసం 4 సెంటీమీటర్లే కాబట్టి ఆ జాగా మొత్తం పోయినట్టే. లేచేటప్పుడు దారి చూపే స్టాండు రాడ్డు దాటగానే రాకెట్ గింగిరాలు తిరుగుతుంది. స్ట్రాపాన్ల బరువు ఈ లెక్కలో ఇంకా కలపలేదు.

"ముక్కులో కాస్త బంకమట్టి పెట్టండి సార్" అంటాడు అమ్మేవాడు. అదీ లెక్కేద్దాం. ముక్కు కొస నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర పెడితే, కేంద్రం మళ్ళీ 33కి రావడానికి 17 గ్రాములు కావాలి. అప్పుడు మొత్తం 118 గ్రాములవుతుంది. ఈ కిట్‌తో వాడమని చెప్పే సీ6-5 మోటారు మీద ఎగరేయగల గరిష్ఠ బరువు 113 గ్రాములు. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. ప్లాస్టిక్ రెక్కలు పీకేసి బల్సా రెక్కలు అతికించుకోవడమే దీనికి సరైన మందు. పైగా పీఎల్‌ఏ 60 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. మే నెల ఎండలో అద్దాలు బిగించిన కారులో వదిలేస్తే రెక్క వంగిపోతుంది.

అతికించాక ఊపు పరీక్ష తప్పకుండా చేయండి. మోటారు, పారాచూట్ అన్నీ పెట్టి గురుత్వ కేంద్రం దగ్గర దారం కట్టి, టేపు వేసి, రెండు మీటర్ల దారంతో తలచుట్టూ తిప్పండి. మోటారుని అంటించే ఇగ్నైటర్ మాత్రం పెట్టకండి. ముక్కు ముందుకి చూస్తూ తిరిగితే సరే. తోక ముందుకొచ్చినా, అడ్డంగా తిరిగినా ఎగరేయొద్దు. కంప్యూటర్ ఉన్నవాళ్ళు ఓపెన్‌రాకెట్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొలతలు వేసి చూసుకోవచ్చు, అది ఉచితం.

మోటారు సంగతి ఇంకా ముఖ్యం. సీ6-5 అన్న గుర్తులో అక్షరం మొత్తం శక్తిని చెబుతుంది, సీ అంటే 5 నుంచి 10 న్యూటన్ సెకన్లు. 6 సగటు తోపుడు, న్యూటన్లలో. 5 అంటే మంట ఆరాక పారాచూట్ బయటికి నెట్టేదాకా పట్టే సెకన్లు. బరువెక్కిన రాకెట్‌కి 5 సెకన్లు ఎక్కువైపోతుంది, అప్పటికే అది కిందకి దూసుకొస్తుంటుంది. ఆ వేగంలో పారాచూట్ విచ్చుకుంటే దారం అట్ట గొట్టాన్ని నిలువునా చీల్చేస్తుంది. మోటారు గొట్టం మీద ఈ గుర్తు అచ్చు లేకపోయినా, చేత్తో రాసున్నా, పీవీసీ పైపు ముక్కలో కూరినదైనా ముట్టుకోవద్దు. దీపావళి జువ్వ మందు విప్పి నింపినదాంట్లో ఆలస్యానికి పొర ఉండదు, పీవీసీ పగిలితే పెంకులు కళ్ళలోకి కొడతాయి. బ్లాక్ పౌడర్ (తుపాకిమందు) మోటారు పేలుడు పదార్థాల చట్టం కిందకొస్తుంది. "కొరియర్‌లో కిట్‌తో పాటే పంపిస్తాం" అన్నవాడి దగ్గర అసలు ఏమీ కొనకండి. ఇంట్లో మందు నూరి చేసుకుందామన్న ఆలోచన అంతకంటే ప్రమాదం.

కిట్‌లో పారాచూట్‌కి కాలకుండా అడ్డుపెట్టమని న్యూస్‌పేపర్ ముక్కలు ఇస్తున్నారు. నిప్పంటని ప్రత్యేకమైన మెత్తటి కాగితం (వాడింగ్) పెట్టాల్సిన చోట పేపరు పెడితే అది రగులుతూ కింద పడుతుంది. దాళ్వా కోతలయ్యాక చేలన్నీ ఖాళీగా ఉన్నాయి కదా అని మనం ఎగరేసేది ఆ రోజుల్లోనే. చుట్టూ ఎండుగడ్డి, గడ్డివాములు, అవతల తాటాకు ఇళ్ళు. ఒక్క నిప్పురవ్వ చాలు. స్టాండు కింద రేకు పలక వేసి, చుట్టూ రెండు మీటర్లు గడ్డి చెక్కేసి, రెండు బిందెల నీళ్ళు పక్కన పెట్టుకోండి.

మన గాలిలో తేమకి అట్ట ఉబ్బి ముక్కు బిగుసుకుపోతుంది. ముక్కు పట్టుకుని రాకెట్‌ని వేలాడదీస్తే ఊడకూడదు, చిన్నగా లాగితే రావాలి. బిగుతుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దండి. పారాచూట్ మడతల్లో కాస్త టాల్కమ్ పౌడర్ చల్లండి, లేకపోతే ప్లాస్టిక్ అంటుకుపోయి విచ్చుకోదు. ముక్కునీ గొట్టాన్నీ కలిపి ఉంచే రబ్బరు తాడు జానెడే ఇస్తున్నారు. గొట్టం పొడవుకి రెండింతలు ఎలాస్టిక్ కొని మార్చండి.

సీ మోటారుకి ఎటు చూసినా 120 మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల కరెంటు తీగలుంటాయి, కొబ్బరితోటల దగ్గర పారాచూట్ చెట్టెక్కుతుంది. ఆ రెండు చోట్లా వద్దు. సముద్రపు గాలి లేవకముందే, పొద్దున్నే ఎగరేయండి. స్థానిక పోలీసులకి ముందు చెప్పండి. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయం దరిదాపుల్లో అసలు ఎగరేయొద్దు. అయిదు మీటర్ల దూరం నుంచే మీట నొక్కాలి. అంటుకోకపోతే మీట పెట్టెకి ఉండే సేఫ్టీ కీ తీసేసి, ఒక నిమిషం ఆగాకే దగ్గరికి వెళ్ళండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, వంటింటి తూకం మీద రెక్కలు తూచి ఫొటో పెట్టుకోండి. "ఎగురుతుంది" అన్న ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు జాగ్రత్త చేయండి. అమ్మినవాడు డబ్బు వెనక్కివ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.