కార్ బూట్ సేల్: ఇన్నేళ్ళు కొని, అమ్మి చూశాక నా మాట

ఇంగ్లండ్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగువాళ్ళు ఎవరు కలిసినా నేను మొదట చెప్పేది ఒకటే. దగ్గరలో కార్ బూట్ సేల్ (కారు డిక్కీ తెరిచి ఇంట్లోని పాత సామాను అమ్ముకునే సంత) ఎక్కడ జరుగుతుందో కనుక్కోండి, ఆదివారం పొద్దున్నే వెళ్ళి ఒక చుట్టు తిరిగి రండి. రెడింగ్‌కు వచ్చిన కొత్తలో నాకు పట్టుకున్న ఈ అలవాటు పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా పోలేదు. మా వంటింటి సామానులో సగం, కుట్టు మిషను, పుస్తకాల బీరువా, పిల్లల మొదటి సైకిళ్ళు అన్నీ అక్కడివే. వాటిలో కొన్ని మా అవసరం తీరాక అదే దారిన వేరే ఇళ్ళకు వెళ్ళిపోయాయి. పాత సామాను కొనడానికి ఇంతకు మించిన చోటు నాకు కనబడలేదు. అమ్మకానికి మాత్రం చాలా ఓపిక కావాలి. ఎందుకలా అంటున్నానో వివరంగా చెబుతాను.

వెళ్ళనివాళ్ళ కోసం ముందు రెండు మాటలు. పొలంలోనో, బడి ఆవరణలోనో కార్లను వరసలుగా నిలుపుతారు. డిక్కీ తెరిచి, ముందు ఒక మడత బల్ల వేసి, ఇంట్లో అక్కర్లేని వస్తువులు పరుస్తారు. 1970ల మొదట్లో కెనడాలో ఇలాంటి అమ్మకం చూసి వచ్చిన ఫాదర్ హారీ క్లార్క్ అనే స్టాక్‌పోర్ట్ కాథలిక్ గురువు విరాళాల సేకరణ కోసం బ్రిటన్‌లో దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. ఆ ఉద్దేశం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పడమటి లండన్‌లోని చిజిక్ స్కూల్లో జనవరి తప్ప ప్రతి నెలా మొదటి ఆదివారం సేల్ జరుగుతుంది, వచ్చిన డబ్బు ఆ బడికే వెళుతుంది. పొలాల్లో జరిగేవి ఎక్కువగా ఈస్టర్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా ఉంటాయి. ప్రత్యేక అనుమతి లేకపోతే ఇంగ్లండ్‌లో ఒక స్థలంలో ఏడాదికి 14 రోజులే ఇలాంటి సంత పెట్టుకోవచ్చు. కాబట్టి మీ దగ్గరి పొలంలో ప్రతి వారం ఉంటుందని అనుకోకండి, తేదీ చూసుకుని బయలుదేరండి.

ధర తక్కువన్న సంగతి అందరికీ తెలుసు. నాకు అంతకంటే విలువైనది వేరే ఉంది. ఆ వస్తువును ఇన్నాళ్ళు వాడిన మనిషే దాని వెనక నిలబడి ఉంటారు. ఆన్‌లైన్‌లో నాలుగు ఫొటోలు చూసి కొనేటప్పుడు గానీ, విరాళంగా వచ్చిన పాత సామాను అమ్మే సేవాసంస్థల దుకాణంలో అర మీద నుంచి తీసుకునేటప్పుడు గానీ ఈ అవకాశం ఉండదు. కాబట్టి నేను వస్తువును ఎంతసేపు చూస్తానో, అమ్మేవారితో అంతసేపు మాట్లాడతాను. ఎన్నేళ్ళు వాడారు, ఇప్పుడెందుకు వదిలేస్తున్నారు, ఎక్కడ మొరాయిస్తుంది అని అడుగుతాను. నిజంగా వాడినవాళ్ళయితే వెంటనే చెప్పేస్తారు. ఏ మాటకూ జవాబు రాకపోతే ఆ వస్తువు వాళ్ళింటిది కాదని అర్థమవుతుంది.

నా కుట్టు మిషను ఇలాగే దొరికింది. చేత్తో తిప్పే సింగర్ 99కె. నల్లటి పోత ఇనుము, దాని మీద బంగారు రంగు గీతలు, వంపు తిరిగిన చెక్క మూత. స్కాట్లాండ్‌లో క్లైడ్‌బ్యాంక్‌లోని కిల్‌బోవీ కర్మాగారంలో తయారైనవాటికి ఆ ‘కె’ అక్షరం ఉంటుంది. ఆ కర్మాగారం 1980లోనే మూతబడింది. “చివరిసారి దీని మీద ఏం కుట్టారండీ?” అని అమ్ముతున్న పెద్దావిడను అడిగాను. తన తల్లి దీని మీద ఇంటి కర్టెన్లన్నీ కుట్టిందనీ, తాను మనవరాలి బడి నాటకానికి గౌనులు కుట్టాననీ, చాలాకాలం వాడకపోతే చక్రం బిగుసుకుంటుందనీ, నూనె చుక్కలు వేసి కాసేపు ఆగాలనీ చెప్పారు. తరవాత కింద పలక జరిపి, బాబిన్ కేసు (కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే గూడు) ఉన్నదని చూపించారు. పాత మిషన్లలో తరచూ పోయేది అదే. దానికి సరిపడే బాబిన్లు, సూదులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. మా ఇంట్లో జాకెట్లకు కుట్లు విప్పి వేయడం, చీరలకు ఫాల్ వేయడం నేటికీ దాని మీదే. ఆవిడ చెప్పినట్టే చక్రం బిగుసుకుంటుంది, నూనె వేస్తే వదులుతుంది.

ఇలా అడగడానికి చట్టపరంగానూ విలువ ఉంది. దుకాణదారు దగ్గర కొంటే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం మనకు అండగా ఉంటుంది. వస్తువు నాణ్యంగా ఉండాలి, ఏ పనికి అమ్మారో ఆ పనికి సరిపోవాలి. సొంత ఇంటి సామాను అమ్ముకునే మామూలు మనిషికి ఈ బాధ్యతలు ఉండవు. వస్తువు అమ్మే హక్కు ఆయనకు ఉండాలి, ఆయన చెప్పినదానికి వస్తువు సరిపోవాలి, అంతే. “పనిచేస్తుందా?” అని మీరు అడిగి, “చేస్తుంది” అని ఆయన అంటే ఆ మాటకు ఆయన కట్టుబడాలి. అడగకుండా డబ్బిచ్చేస్తే ఆ ఆధారం కూడా మిగలదు. సీలు తీయని పెట్టెలు వరసగా పేర్చుకుని కూర్చున్నవాళ్ళు వ్యాపారులే. వాళ్ళు మామూలు మనుషుల్లా నటించడం నేరం.

దొంగసొత్తు విషయంలోనూ జాగ్రత్త అవసరం. బహిరంగ సంతలో పట్టపగలు నిజాయితీగా కొన్నవాడికి, తరవాత అది దొంగసొత్తని తేలినా, హక్కు దక్కే పాత చట్టం ఒకటి ఇంగ్లండ్‌లో ఉండేది. 1995 జనవరి నుంచి అది లేదు. ఇప్పుడు అసలు యజమాని వస్తే కొన్న వస్తువు ఇచ్చేయాల్సిందే. సైకిలు, పనిముట్లు, ఫోను కొనేటప్పుడు నంబరు గీకేసి ఉంటే నేను ధర కూడా అడగను.

బేరం గురించి మనవాళ్ళకు ఒక మాట. మన సంతల్లో లాగా చెప్పినదానిలో సగానికి అడిగితే ఇక్కడివాళ్ళు నొచ్చుకుంటారు, ఆ తరవాత మాట కలపరు. 5 పౌండ్లు అంటే నాలుగుకు ఇస్తారా అని నవ్వుతూ అడగవచ్చు. రెండు మూడు వస్తువులు కలిపి ఒక ధర అడిగితే ఇంకా తగ్గిస్తారు. కొసరు మాత్రం ఇక్కడా ఉంది. గిన్నెలు కొంటే గరిటె ఊరికే ఇచ్చినవాళ్ళు ఎందరో. మంచి వస్తువు కావాలంటే పొద్దున్నే వెళ్ళాలి, చవకగా కావాలంటే సర్దుకునే వేళకు వెళ్ళాలి. తొందరగా లోపలికి రావడానికి కొన్నిచోట్ల ఎక్కువ రుసుము తీసుకుంటారు. వెతికేది ఫలానా వస్తువని ముందే తెలిస్తే అది ఇవ్వదగినదే.

నా అనుభవంలో ఎన్నేళ్ళయినా చెక్కుచెదరనివి పోత ఇనుము సామాను, గట్టి చెక్క, చేతి పనిముట్లు. వేల్స్‌లో చిన్న తీపి రొట్టెలు కాల్చుకునే దళసరి ఇనుప పెనం ఒకటి ఉంటుంది. తుప్పు పట్టినది ఒకటి తెచ్చుకుని, రుద్ది, నూనె రాసి సెగ మీద కాచాను. ఈ దేశంలో నేను చూసిన దోసె పెనాల్లో దానికి సాటి వచ్చేది లేదు. తుప్పుకు భయపడనక్కర్లేదు, పగులుకే భయపడాలి. వేలి కణుపుతో కొట్టి చూస్తే మంచి పెనం ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. పిల్లల కోసమైతే లెగో. 1958 తరవాత వచ్చిన ఇటుకలు నేటి ఇటుకలతో అతుకుతాయి కాబట్టి కలగాపులగంగా ఉన్న డబ్బా కొన్నా నష్టం లేదు. కరెంటు వస్తువుల్లో పాత కెన్‌వుడ్ మిక్సర్ లాంటి, విడిభాగాలు దొరికేవి మాత్రమే చూస్తాను. పొలంలో కరెంటు ఉండదు, పరీక్షించలేం. తీగ చీలిందా, ప్లగ్గు మాడిందా అని చూసి, ఒక్కటైనా అనుమానంగా ఉంటే వదిలేస్తాను. బ్రిటన్‌లోనూ భారత్‌లోనూ కరెంటు 230 వోల్టులే కాబట్టి తిరిగి వెళ్ళేటప్పుడు ప్లగ్గు మారిస్తే సరిపోతుంది.

వెండి చూస్తే మన చేయి ఆగదు. నడిచే సింహం గుర్తు, 925 అంకె ఉంటే స్టెర్లింగ్ వెండి, అంటే నూటికి 92.5 పాళ్ళు వెండే. లంగరు గుర్తు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. ‘ఇపిఎన్‌ఎస్’ అని ఉంటే పైపూత మాత్రమే. 1980లలో ఒకావిడ బూట్ సేల్‌లో 10 పౌండ్లకు కొన్న ఉంగరంలో 26 కారట్ల అసలు వజ్రం ఉండడం, 2017లో సాతబీస్ వేలంలో అది 6,56,750 పౌండ్లకు పోవడం నిజమే. ఆ ఆశతో నగల బల్లల దగ్గర డబ్బు పోసుకునేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. వాడుకోవడానికి పనికొచ్చేది కొనండి.

ఎంత చవకైనా కొనకూడనివీ ఉన్నాయి. పిల్లల కారు సీటు, సైకిలు హెల్మెట్ కొనకండి. ప్రమాదంలో దెబ్బతిన్నాయో లేదో కంటికి తెలియదు. కరెంటు దుప్పటి, గ్యాస్ హీటరు వద్దు. అగ్నిప్రమాద భద్రత లేబుల్ లేని సోఫా, పరుపు కూడా వద్దు. మంచి కంపెనీల పేరుతో చవకగా కనిపించే అత్తర్లు, చార్జర్లు ఎక్కువగా నకిలీవి. నకిలీ చార్జరు ఇల్లు తగలబెట్టగలదు.

ఇక అమ్మకం. స్థలానికి రుసుము సాధారణంగా 10 నుంచి 15 పౌండ్లు, వ్యాను అయితే ఎక్కువ. పొద్దున ఆరింటికల్లా చేరాలంటే ముందు రాత్రే సర్దుకోవాలి. ఇంకా చీకటి ఉండగానే, కారు ఆపీ ఆపకముందే వ్యాపారులు టార్చిలైట్లతో చుట్టుముడతారు. పెట్టెల్లో చేతులు పెడతారు, ఒకేసారి ముగ్గురు ధరలు అడుగుతారు. ఈ పద్ధతి నాకు అసలు నచ్చదు, నిర్వాహకులు అదుపు చేయాలి. బల్ల వేసుకుని, చిల్లర సంచీ నడుముకు కట్టుకునేదాకా డిక్కీ తెరవకండి. బోణీ మాత్రం వదులుకోకండి, మొదటి బేరం తెగితే బల్ల చుట్టూ జనం చేరతారు. యూపీఐ లాంటిది ఇక్కడ లేదు, నగదే ఎక్కువ. పాత కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30 తరవాత చెల్లవు, గుండ్రటి పాత పౌండు నాణెం 2017లోనే పోయింది. తీసుకునేముందు చూసుకోండి.

పిల్లల బట్టలు, బొమ్మలు, వంట సామాను, తోట పనిముట్లు బాగా పోతాయి. సినిమా డిస్కులు, లావుపాటి విజ్ఞాన సర్వస్వాలు ఎవరూ ముట్టుకోరు. పాత పట్టుచీరలు తీసుకెళితే చీరగా కాకపోయినా బొంతలకు, దిండు గలీబులకు గుడ్డ కోసం కొన్నారు. సొంత సామాను అప్పుడప్పుడు అమ్ముకుంటే పన్ను గొడవ సాధారణంగా ఉండదు. అమ్మడానికే కొని తెచ్చి అమ్మితే అది వ్యాపారం, ఏడాదికి 1,000 పౌండ్ల రాబడి దాటితే పన్ను శాఖకు చెప్పాలి. వాన పడితే పొలం బురదై రద్దవుతుంది, ఆ రోజు చాకిరీ వృథా. స్థలం అద్దె, పెట్రోలు తీసేస్తే మిగిలేది తక్కువ. విలువైన వస్తువు ఒకటి రెండే ఉంటే ఆన్‌లైన్‌లో పెట్టడం మేలు. ఇల్లు మారేటప్పుడు, ఊరికి తిరిగి వెళ్ళిపోయేటప్పుడు, కారు నిండా చిన్న సామాను ఉన్నప్పుడే ఇది సరైన చోటు.

సెప్టెంబరులో నా బల్ల ముందు ఎక్కువగా ఆగేది మన విద్యార్థులే. “అక్కా, ఈ రైస్ కుక్కర్ పనిచేస్తుందా?” అని తెలుగులో అడిగేసరికి ఊళ్ళోవాళ్ళు కలిసినట్టుంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఎన్నాళ్ళు వాడామో, మూత దగ్గర ఎక్కడ ఆవిరి పోతుందో కూడా. గిన్నెలు, పళ్ళాలు వాళ్ళకు ఊరికే ఇచ్చేయాలనిపిస్తుంది, తరచూ ఇచ్చేస్తాను. కొత్త దుప్పటి మాత్రం దుకాణంలో కొనుక్కోమని చెబుతాను.

చివరికి మిగిలినవి ఇంటికి మోసుకురావద్దు. అటునుంచి అటే ఏదైనా సేవాసంస్థ దుకాణానికి తీసుకెళ్ళండి. మీరు బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళయితే గిఫ్ట్ ఎయిడ్ పత్రం నింపండి, వాళ్ళు అమ్మిన ప్రతి పౌండుకూ ప్రభుత్వం మరో 25 పెన్నీలు కలుపుతుంది. ఆదివారం కొన్ని దుకాణాలు సామాను తీసుకోవు కాబట్టి వేళలు ముందే కనుక్కోండి.