గోటూనా, గార్డా, రెండు ముక్కలా: ఆడియో డ్రైవర్ హెల్పర్‌కు ఏది మేలు?

లినక్స్ కెర్నెల్‌లో సౌండ్ చూసుకునే ఆల్సా డ్రైవర్ ప్యాచ్‌లు రివ్యూ చేసే చోట ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: "హెల్పర్ పొడవైపోయింది, లాక్ వదలడానికే మూడు గోటూలు ఉన్నాయి. గార్డ్ పెట్టేస్తే సరిపోదా?" హెల్పర్ అంటే డ్రైవర్‌లోని సహాయక ఫంక్షన్; లాక్ అంటే ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టకుండా ఆపేది; గోటూ అంటే లాక్ వదిలే లైన్‌కి దూకడం; గార్డ్ అంటే లాక్‌ని తనంతట తానే వదిలే ఏర్పాటు. గార్డ్ చాలా చోట్ల సరిపోతుంది. సరిపోని చోట మాత్రం సిస్టమే బిగుసుకుపోతుంది.

గోటూని పాతదని తీసిపారేయక్కర్లేదు. లాక్ ఏ లైన్లో వదిలామో కళ్లెదుటే ఉంటుంది. కానీ మధ్యలో ఎవరైనా కొత్తగా ఒక రిటర్న్ చేరిస్తే లాక్ అలాగే ఉండిపోతుంది. ఎర్రర్ దారి ఎప్పుడో గానీ నడవదు కాబట్టి టెస్టింగ్‌లో అది దొరకదు. 2023లో 6.5 కెర్నెల్‌తో వచ్చిన గార్డ్ ఈ బెడద తీర్చింది: స్కోప్ (గార్డ్ పెట్టిన బ్లాక్) దాటగానే లాక్ దానంతటదే వదులుతుంది. మిక్సర్ కంట్రోల్ విలువలు చదివే, మార్చే చిన్న హెల్పర్లకు అదే మేలు, ఆలోచించే పని లేదు.

చిక్కంతా ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ నుంచి కబురు వస్తే నడిచే ఫంక్షన్) పిలిచే హెల్పర్‌తోనే. అది స్పిన్‌లాక్ (దొరికేదాకా సీపీయూ అక్కడే తిరుగుతూ ఎదురుచూసే లాక్) పట్టుకుని స్టేటస్ రిజిస్టర్ చదువుతుంది. పీరియడ్ (ఆడియో బఫర్‌లో ఒక ముక్క) పూర్తయితే లాక్ వదిలి, ఆ సంగతి ఆల్సాకి చెప్పే పీరియడ్ ఎలాప్స్‌డ్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. మధ్యలో ఉన్న ఆ అన్‌లాక్ చూడ్డానికి అనవసరం అనిపిస్తుంది. దాన్ని తీసి పైన గార్డ్ పెడితే ఫంక్షన్ చివరిదాకా లాక్ మన దగ్గరే ఉంటుంది. పీరియడ్ ఎలాప్స్‌డ్‌కేమో స్ట్రీమ్ లాక్ (ఆ ఆడియో స్ట్రీమ్‌కి ఆల్సా వాడే లాక్) కావాలి. అదే సమయంలో మరో సీపీయూ మీద ట్రిగ్గర్ కాల్‌బ్యాక్ (స్ట్రీమ్‌ని మొదలుపెట్టే, ఆపే డ్రైవర్ ఫంక్షన్) స్ట్రీమ్ లాక్ కిందే నడుస్తూ మన స్పిన్‌లాక్ కోసం ఎదురుచూస్తుంటే డెడ్‌లాకే: ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ కదలరు. అసలు రెండో సీపీయూ కూడా అక్కర్లేదు. పీరియడ్ ఎలాప్స్‌డ్ లోపలి నుంచే పాయింటర్ కాల్‌బ్యాక్ (హార్డ్‌వేర్ బఫర్‌లో ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే డ్రైవర్ ఫంక్షన్) నడుస్తుంది. అది మన లాక్ అడిగిందంటే అక్కడికక్కడే ఆగిపోతాం.

అందుకే నేను ఎన్ని లైన్లు తగ్గాయని చూడను, లాక్ చేతిలో ఉండగా ఏం పిలుస్తున్నామో చూస్తాను. ఆ లెక్కన నా ఓటు హెల్పర్‌ని రెండు ముక్కలు చేయడానికే. లోపలి హెల్పర్ గార్డ్ కింద రిజిస్టర్ చదివి, ఇంటరప్ట్‌ని క్లియర్ చేసి, పీరియడ్ అయిందో లేదో మాత్రం చెబుతుంది. పీరియడ్ ఎలాప్స్‌డ్‌ని పిలవడం బయటి ఫంక్షన్ పని. ఇలా విడదీస్తే రేపు ఇంకెవరో వచ్చి దీన్ని సులువు చేయబోయినా ఈ హద్దు చెరిగిపోదు.

స్కోప్డ్ గార్డ్‌తోనూ (తన బ్లాక్‌లోని కోడ్‌కి మాత్రమే లాక్ పట్టే గార్డ్) ఇదే పని అవుతుంది. కాకపోతే అది లోపల ఒక ఫర్ లూప్. స్ట్రీమ్‌లన్నీ తిరిగే లూప్‌లో, స్కోప్డ్ గార్డ్ లోపల కంటిన్యూ రాస్తే గార్డ్ నుంచి మాత్రమే బయటపడతాం. వదిలేయాలనుకున్న స్ట్రీమ్‌కీ కింది కోడ్ నడిచిపోతుంది. లూప్ లేకపోతే నిశ్చింతగా వాడుకోవచ్చు.

సొంత మ్యాక్రోలు వద్దు. గోటూ, గార్డ్ రెండూ ఒకే ఫంక్షన్‌లో కలపొద్దు.

ఏది ఎంచుకున్నా ఈ మార్పుని వేరే ప్యాచ్‌గానే పంపండి, కొత్త ఫీచర్‌తో కలపకండి. పంపేముందు లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులు పట్టే కెర్నెల్ సాధనం) ఆన్ చేసి, చిన్న పీరియడ్ సైజుతో ప్లేబ్యాక్‌ని పదేపదే ఆపుతూ, మొదలుపెడుతూ చూడండి.