డాబా మీద ప్యానెల్ గోడలు పెట్టిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

అందరికీ నమస్తే. ఖమ్మంలో మా పాత డాబా ఇంటి మీద రెండు గదులు వేయించి మేము పడిన, ఇంకా పడుతున్న ఇబ్బంది మరొకరికి రాకూడదని రాస్తున్నాను. ఎవరి దగ్గర చేయించామో పేరు రాయడం లేదు. పని ఎలా చెడిందో తెలిస్తే చాలు, మీరు జాగ్రత్త పడగలరు.

పాత శ్లాబు మీద ఇటుక గోడల బరువు వేయొద్దని ఇంజినీరు చెప్పారు. అందుకే సాండ్‌విచ్ ప్యానెళ్ళు ఎంచుకున్నాం. రెండు వైపులా పలుచటి ఫైబర్ సిమెంట్ బోర్డు, మధ్యలో సిమెంట్‌తో కలిపిన థర్మాకోల్ పూసలు. 75 మిల్లీమీటర్ల మందం, రెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. ఒకదాని అంచున ఉన్న గాడిలోకి ఇంకోదాని అంచు దూరుతుంది. పద్ధతిగా చేస్తే ఇవి మంచి గోడలే. బరువు తక్కువ, ఎండ వేడి కూడా త్వరగా లోపలికి రాదు. ఖమ్మం ఎండలు తెలిసినవాళ్ళకు ఆ మాట ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

కాంట్రాక్టర్ ఇందోర్ లైట్ హౌస్ ప్రాజెక్టు (కొత్త పద్ధతుల్లో ఇళ్ళు కట్టే కేంద్ర ప్రభుత్వ ప్రాజెక్టు) వీడియో చూపించాడు. "1,024 ఇళ్ళు ఇలాంటి గోడలతోనే కట్టారు సార్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. పై కప్పు రేకుల బరువు కూడా ప్యానెళ్ళే మోస్తాయని, స్టీలు స్తంభాలు దండగ ఖర్చని చెప్పాడు. ఇందోర్‌లో ప్యానెల్ గోడలు వాడిన మాట నిజం. కానీ అక్కడ బిల్డింగ్ బరువు మోసేది స్టీలు ఫ్రేము. ప్యానెల్ అక్కడ గోడ మాత్రమే. మా ఇంజినీరు పట్టుబట్టి స్తంభాలు వేయించారు కాబట్టి ఈ రోజు కప్పు నిలబడి ఉంది. ఫ్రేము వద్దు అనేవాళ్ళకు అక్కడే దణ్ణం పెట్టి పంపించేయండి.

మొత్తం 38 ప్యానెళ్ళు వచ్చాయి. మొదటి రోజు ఇద్దరు కుర్రాళ్ళు ఒక్కో ప్యానెల్‌ను మోయలేక మెట్ల మలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకున్నారు. రెండో రోజు ఒక్క కుర్రాడే ఒకదాన్ని భుజాన వేసుకుని చకచకా ఎక్కేశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. ఎందుకని అడగాలని నాకు తట్టలేదు. స్విచ్ బోర్డు కోసం ఎలక్ట్రీషియన్ గ్రైండర్ పెట్టినప్పుడు తెలిసింది. ఒక గోడ నుంచి బూడిద రంగు పొడి రాలింది. పక్క గోడ కోస్తే తెల్లటి పూసలు గాలికి లేచి గదంతా ఎగిరాయి. సిమెంట్ అన్నదే లేదు, ఉత్త థర్మాకోల్. రెండో లోడులో వచ్చినవన్నీ అవే. అప్పటికే 80 శాతం డబ్బు కట్టేసి ఉన్నాం.

సరుకు దింపే రోజే ప్రతి లోడు నుంచి ఒక ప్యానెల్‌ను మీ కళ్ళ ముందు మూల కోయించి చూడండి. తూకం కూడా వేయించండి. ఉత్త థర్మాకోల్ ఉన్న గోడలో కరెంటు వైరు పైపు లేకుండా లాగనివ్వకండి. వైరు మీది పీవీసీ తొడుగు థర్మాకోల్‌కు ఆనుకుని ఉంటే కాలక్రమంలో గట్టిపడి పెళుసుగా మారుతుంది. నిప్పంటుకుంటే ఆ పొగ ఇంకా ప్రమాదం.

అయితే మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది ప్యానెల్ కాదు, జాయింటు. రెండు ప్యానెళ్ళు కలిసే చోట గాడి నిండా అంటించే మసాలా పెట్టాలి, పైన ఫైబర్ మెష్ టేపు వేసి, దాని మీద మళ్ళీ మసాలా పూయాలి. మా పనివాళ్ళు మామూలు వాల్ పుట్టీ నింపి రంగు వేసేశారు. చూడ్డానికి నున్నగా, గోడంతా ఒక్కటే పలకలా ఉంది. ఎండలకు జాయింట్లు నిలువునా వెంట్రుక వాసి చీలాయి. జూలైలో మొదటి పెద్ద వాన పడిన రాత్రి మా అమ్మ గోడ మీద చెయ్యి వేసి "ఒరేయ్, ఇక్కడ మెత్తగా ఉందేంట్రా" అంది. నేను గోటితో గీరితే పుట్టీ మూరెడు పొడవున తొక్కలా ఊడి వచ్చింది. వెనక టేపు లేదు. నీళ్ళు ఆ చీలిక వెంట సన్నగా కిందికి దిగుతున్నాయి.

అడుగున అయితే ఇంకా ఘోరం. ప్యానెళ్ళు కూర్చోవడానికి ఇనప చానెల్‌ను నేరుగా శ్లాబు మీద పెట్టి డ్రిల్ చేశారు. పాత వాటర్‌ప్రూఫింగ్‌కు ఎక్కడికక్కడ చిల్లులు పడ్డాయి. డాబా మీద పడిన వాన వాలు వెంట వచ్చి గోడ మొదట్లోనే ఆగింది. బోర్డు అడుగు ఉబ్బింది, కింద నాన్న పడుకునే గదిలో సీలింగు చెమ్మెక్కింది. ముందే ఆరంగుళాల కాంక్రీట్ దిమ్మె పోసి, దాని మీద చానెల్ పెట్టి ఉంటే ఇవేవీ జరిగేవి కావు. ఆ దిమ్మెకయ్యే ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్నది. ఒప్పందంలో ముందుగా రాయించాల్సింది అదే.

ఆఖరి వాయిదా ఇచ్చే ముందు పైపుతో ఒక్కో జాయింటు మీద పావుగంట నీళ్ళు కొట్టించి, లోపల చేత్తో తడిమి చూడండి. రంగు వేయకముందే ఇది జరగాలి. రంగు పడ్డాక టేపు ఉందో లేదో దేవుడికే తెలుస్తుంది. ఏసీ, గీజరు తగిలించే చోట గోడకు ఈ వైపు నుంచి ఆ వైపుకు దూరే బోల్టు, వెనక ఇనప పట్టీ అడగండి. మామూలు స్క్రూతో బిగించిన మా ఏసీ స్టాండు రెండు వారాలకే కిందికి వాలింది.

కాంట్రాక్టర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. పక్కా బిల్లు లేదు. వాట్సాప్‌లో పంపిన కొటేషన్, యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, కోసిన రెండు ముక్కల ఫొటోలు మాత్రమే మా దగ్గర ఉన్నాయి. వాటితోనే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాం. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఈలోగా మాకు తెలిసిన మేస్త్రి ఒకాయన జాయింట్లన్నీ మళ్ళీ విప్పి, శుభ్రం చేసి, టేపు వేస్తున్నాడు. దక్షిణం గోడ అయింది, నీళ్ళు కొట్టి చూశాం, పొడిగానే ఉంది. ఉత్తరం వైపు అడుగు బోర్డు ఆరితేగానీ దిమ్మె పని మొదలుపెట్టలేనన్నాడు. నాన్న మంచం హాల్లోకి మార్చాం.