పాత కెర్నల్‌కి ప్యాచ్‌లా, కొత్త కెర్నలా: ఏది మేలు?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ షాపుల్లో సెంట్‌ఓఎస్ 7 (రెడ్‌హ్యాట్ కంపెనీ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఉచిత రూపం) మీద నడిచే బిల్లింగ్ సర్వర్లు నాకు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. "బానే నడుస్తోంది కదండీ, ఇప్పుడెందుకు కదపడం?" అంటారు ఓనర్లు. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్నప్పుడు సర్వర్ అరగంట ఆగితే కాటా దగ్గర బిల్లులు ఆగిపోతాయి. వాళ్ల టెన్షన్‌లో న్యాయం ఉంది. అయితే కెర్నల్‌లో, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, బయటపడే సెక్యూరిటీ లోపాలను ప్యాచ్‌లతో (లోపాన్ని సరిచేసే కోడ్ మార్పులతో) పూడ్చక తప్పదు. దానికి వాళ్ల ముందున్న దారులు మూడూ ఒకటి కావు.

మొదటిది, ఆపరేటింగ్ సిస్టమ్ కంపెనీ ఇచ్చే బ్యాక్‌పోర్ట్. అంటే కొత్త కెర్నల్‌లో చేసిన సెక్యూరిటీ రిపేరును పాత కెర్నల్ కోడ్‌కి సరిపడేలా తిరగరాసి ఇవ్వడం. సెంట్‌ఓఎస్ 7లోని 3.10 కెర్నల్ 2013లో వచ్చింది. దానికి కెర్నల్ డెవలపర్ల సపోర్టు 2017లోనే ఆగింది. రెడ్‌హ్యాట్ మాత్రం 2024 జూన్ 30 దాకా దాన్ని మోసింది. 2016 అక్టోబరులో బయటపడ్డ డర్టీ కౌ అనే కెర్నల్ లోపం సంగతే చూడండి. 2007 నాటి 2.6.22 నుంచీ ఉన్న లోపం అది, మామూలు యూజర్ దాంతో రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) అయిపోవచ్చు. అసలు కెర్నల్‌లో 4.8.3, 4.7.9, 4.4.26 వెర్షన్లలో రిపేరు వచ్చింది, రెడ్‌హ్యాట్ తన 3.10కి విడిగా ఇచ్చింది. వెర్షన్ 3.10గానే ఉంది, డ్రైవర్లు కదల్లేదు. కాటాను సర్వర్‌కి కలిపే పాత సీరియల్ కార్డుకు డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన కంపెనీ ఎప్పుడో చేతులెత్తేసి ఉంటే, ఈ లాభం విలువ తెలుస్తుంది.

ఇక్కడో చిక్కుంది. సెక్యూరిటీ లోపాలు వెతికే కొన్ని స్కానర్ సాఫ్ట్‌వేర్లు వెర్షన్ నంబరు చూసి ఎప్పుడో పూడ్చిన లోపాలను కూడా ఎర్రగా చూపిస్తాయి. అది చూసి కంగారుపడకుండా, కెర్నల్ ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో (మార్పుల జాబితాలో) ఆ లోపం సీవీఈ నంబరు (ప్రతి లోపానికీ ఇచ్చే గుర్తింపు నంబరు) వెతకండి. అక్కడ ఉంటే రిపేరు అయిపోయినట్టే.

రెండోది, పాత సిస్టమ్ మీదే సరికొత్త కెర్నల్ ఎక్కించడం. రిపేరు ఏ కోడ్ కోసం రాశారో ఆ కోడ్‌లోనే దొరుకుతుంది, అది మంచిదే. కానీ పైన చెప్పిన సీరియల్ కార్డు డ్రైవర్ కొత్త కెర్నల్ మీద కంపైల్ కాకపోవచ్చు, అంటే దాని కోడ్ నడిచే ప్రోగ్రామ్‌గా మారకపోవచ్చు. పైగా కెర్నల్ మారినా మిగతా సాఫ్ట్‌వేరంతా ప్యాచ్‌లు లేని పాతదే. షాపు సర్వర్‌కి నేను దీన్ని సలహా ఇవ్వను.

మూడోది, ప్యాచ్ మనమే తెచ్చి అతికించడం. దీనికి మాత్రం గట్టిగా వద్దంటాను. 2022లో బయటపడ్డ డర్టీ పైప్ అనే మరో కెర్నల్ లోపంలో అసలు పొరపాటు 4.9 నుంచే కోడ్‌లో ఉంది, కానీ 5.8లో మరో మార్పు వచ్చాకే అది ప్రమాదమైంది. ఏ ప్యాచ్ ఏ కోడ్ మీద ఆధారపడుతుందో తెలియకుండా అతికిస్తే, అది కంపైల్ అవుతుంది, బూట్ అవుతుంది, లోపం మాత్రం అలాగే ఉండొచ్చు. దాన్ని టెస్ట్ చేసేవాళ్లు గుంటూరులోనే కాదు, విజయవాడలో వెతికినా అంత తేలిగ్గా దొరకరు.

కాబట్టి నా ఓటు కంపెనీ బ్యాక్‌పోర్ట్‌కే, అది వస్తున్నంత కాలం. సెంట్‌ఓఎస్ 7కి ఉచితంగా అది ఆగిపోయింది. డబ్బు కట్టి పొడిగించుకోవడం కంటే ఆల్మాలైనక్స్ 9కి (రెడ్‌హ్యాట్ లైనక్స్‌కి సరిపోలే మరో ఉచిత సిస్టమ్) మారడం మేలు. దాని 5.14 కెర్నల్ కూడా బ్యాక్‌పోర్ట్‌ల మీద నడిచేదే, 2032 మే దాకా ప్యాచ్‌లు వస్తాయి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు ఈ పని పెట్టుకోండి. దానికంటే ముందే సీరియల్ కార్డు తీసేసి, ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్‌తో కాటా రీడింగ్ వస్తోందో లేదో చూసుకోండి, దాని డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది. సర్వర్ ఇంటెల్ కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ల కాలం నాటిదైతే ఆల్మా 9 దాని మీద నడవదు. అలాంటి చోట ఆల్మా 8 వేయండి, దానికి 2029 దాకా ప్యాచ్‌లు ఉన్నాయి.