మాల్టా వెళ్తున్నారా? టవర్ చూపిస్తామని అమ్మే బోట్ టికెట్లతో జాగ్రత్త

యూరప్‌లో ఉంటూ సెలవుల్లో మాల్టా వెళ్లే మనవాళ్లు, ముఖ్యంగా ఇంటి పెద్దల్ని వెంట తీసుకెళ్లేవాళ్లు, డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మాల్టాలోని స్లీమా పట్టణం ఒడ్డున బోట్ టికెట్లు అమ్మే బల్లలు వరసగా ఉంటాయి. అందులో ఒకచోట మాకు కొమీనో ద్వీపంలోని సెయింట్ మేరీస్ టవర్ ఫొటో చూపించారు. టవర్ లోపలికి ప్రవేశం, గైడ్, ఆ ద్వీపం ఒడ్డున జనం ఈతకు వెళ్లే బ్లూ లగూన్ అన్నీ ఒకే టికెట్‌లో అన్నారు. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఎక్కువ నడవలేరని గట్టిగా చెప్పాం. "బోటు దిగగానే టవరే" అన్నాడు టికెట్లు అమ్మే అతను. క్యాష్ ఇస్తే ధర తగ్గిస్తానన్నాడు. చేతిలో పెట్టిన చీటీ మీద బోటు బయల్దేరే టైమ్, మనుషుల లెక్క తప్ప ఇంకేమీ లేదు.

బోటు దారిలో ఈత కోసం చాలాసేపు ఆగింది. బ్లూ లగూన్‌లో దించేసరికి నడినెత్తిన ఎండ. గంటలో వెనక్కి రాకపోతే వదిలేసి వెళ్తామన్నారు. గైడ్ అనే మనిషే లేడు. టవర్ అక్కడికి అరగంట నడక, అదీ పైకి. రాళ్ల బాట, ఎక్కడా నీడ లేదు, ఎక్కించుకుని వెళ్లే బండీ లేదు. సగం దూరంలోనే మామయ్యగారు మొహం కందిపోయి ఒక రాయి మీద కూలబడ్డారు. అత్తయ్యగారు కొంగు తడిపి ఆయన తల మీద వేశారు. మాలో ఇద్దరం పరుగున వెళ్లి చూస్తే తలుపు మూసి ఉంది.

ఆ టవర్‌ను చూసుకునేది దిన్ లార్ట్ హెల్వా అనే స్థానిక వారసత్వ సంస్థ. వాళ్ల వాలంటీర్లు ఉన్నప్పుడే తెరుస్తారు, తెరిచి ఉంటే పైన జెండా ఎగరేస్తారు. ఆ రోజు జెండా లేదు. తలుపు తెరిచి ఉంటుందో లేదో కూడా కనుక్కోకుండా "లోపలికి ప్రవేశం" అని డబ్బు తీసుకున్నారంటే దాన్ని మోసం అనక ఏమనాలి?

నిజంగా చూడాల్సిన చోటు కాబట్టే ఇంత బాధ. మాల్టాకూ పక్క ద్వీపం గోజోకూ మధ్య ఓడల దారిని సముద్రపు దొంగల నుంచి కాపాడటానికి 1618లో గ్రాండ్ మాస్టర్ విన్యకూర్, అంటే అప్పట్లో మాల్టాను ఏలిన సెయింట్ జాన్ నైట్ల అధిపతి, దీన్ని కట్టించాడు. నాలుగు మూలలా బురుజులు, దాదాపు 6 మీటర్ల మందం గోడలు. సముద్ర మట్టానికి 80 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి ఇక్కడి నుంచి రెండు ద్వీపాలకూ హెచ్చరిక సంకేతాలు అందేవి. అసలు ఇక్కడో టవర్ కావాలని జనం 1416లోనే, అప్పట్లో మాల్టాను ఏలిన అరగాన్ రాజు ఐదో అల్ఫొన్సోకు మొరపెట్టుకున్నారు. అందుకోసం దిగుమతి వైన్ మీద పన్ను కూడా వేశారు. ఆ డబ్బు రాజు ఖజానాకు మళ్లింది, టవర్ రావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

తిరిగొచ్చి అడిగితే బోటు ఎక్కారు కదా, డబ్బు వెనక్కి రాదన్నారు. చీటీ మీద సంస్థ పేరు లేకపోయేసరికి ఫిర్యాదు ఎవరి మీద ఇవ్వాలో కూడా తెలియలేదు. కాబట్టి కార్డుతోనే కట్టండి, సంస్థ పేరూ చిరునామా ఉన్న రసీదు పట్టుకోండి. కొమీనోలో ఎంతసేపు ఆగుతారో దాని మీద రాయించుకోండి, రాయనంటే పక్క బల్లకి వెళ్లిపోండి. మోసం జరిగితే మాల్టాలో వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఎంసీసీఏఏ ఉంది. వేరే ఈయూ దేశంలో ఉండేవాళ్లు తమ దేశంలోని యూరోపియన్ కన్స్యూమర్ సెంటర్‌కి రాయొచ్చు.

ఇంకొకటి, బ్లూ లగూన్‌లో రద్దీ తగ్గించడానికి 2025లో ముందస్తు బుకింగ్ పెట్టారు. అది ఉచితం. దానికి విడిగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

టవర్ కోసమే వెళ్లేవాళ్లు స్లీమా నుంచి రోజంతా తిప్పే బోటు ఎక్కొద్దు. రాజధాని వలెట్టా నుంచి 41 లేదా 42 నంబర్ బస్సులో చిర్కేవ్వా రేవుకి వెళ్తే అక్కడి నుంచి కొమీనోకు చిన్న ఫెర్రీలుంటాయి, మీ వీలును బట్టి తిరిగి రావచ్చు. పెద్దవాళ్లుంటే మాత్రం కొమీనో వదిలేసి మెల్లీహా దగ్గర 1649లో పూర్తయిన రెడ్ టవర్‌కి టాక్సీలో వెళ్లండి. దాన్నీ చూసుకునేది దిన్ లార్ట్ హెల్వానే, పైనుంచి కొమీనో, గోజో రెండూ కనిపిస్తాయి. బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో సంస్థనే నేరుగా అడగండి.