రీకండిషన్ స్టీరింగ్ పంపు: గ్రానైట్ లారీ వాళ్లు కొనేముందు చూసుకోవాల్సినవి

ఒంగోలులో లారీ సామాన్ల షాపుకి వెళ్లి పవర్ స్టీరింగ్ పంపు (స్టీరింగ్ తేలిగ్గా తిరిగేలా ఆయిల్ నెట్టేది) అడిగితే రెండు దారులు చూపిస్తారు. ఒకటి డబ్బాలోంచి తీసిన కొత్తది. రెండోది మన పాత పంపు ఇచ్చి మార్చుకునే రీకండిషన్ సరుకు, అంటే విప్పి బాగుచేసిన పాత పంపు. చీమకుర్తి రాళ్లు తోలే బండ్ల వాళ్లకి రెండోదాని మీదే చూపు కాబట్టి ఈ రివ్యూ దాని గురించే. మా మాట ముందే చెప్పేస్తున్నాం: లోపలి రోటర్, పలకలు, రింగు మార్చిన పంపైతే తీసుకోవచ్చు. ఆయిల్ కారకుండా ఆపే సీలు మాత్రం మార్చి పైన రంగు కొట్టిందైతే ఊరికే ఇచ్చినా వద్దు. చిక్కేమిటంటే కౌంటర్ మీద రెండూ ఒకేలా మెరుస్తుంటాయి.

లారీల్లో ఎక్కువగా ఉండేది వేన్ పంపు. ఇంజిన్ తిప్పే షాఫ్టు మీద రోటర్, దాని గాడుల్లో మామూలుగా పది పలకలు, చుట్టూ కోలగా ఉండే కామ్ రింగు. రోటర్ తిరిగే విసురుకి, వెనక నుంచి తోసే ఆయిల్‌కి పలకలు బయటికొచ్చి రింగుని ఒరుసుకుంటూ పోతాయి. ఒక్కో చుట్టుకి రెండుసార్లు ఆయిల్ పీల్చి రెండుసార్లు నెడతాయి. నెట్టుడు ఎదురెదురు వైపులా ఉంటుంది కాబట్టి షాఫ్టు మీద ఒకపక్క భారం పడదు. ఇంజిన్ రేస్ పెరిగినప్పుడు మిగులు ఆయిల్‌ని ఫ్లో కంట్రోల్ వాల్వు మళ్లీ పీల్చే వైపుకే పంపేస్తుంది. ప్రెషర్ హద్దు దాటితే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. ఆ హద్దు ఎంతో పంపు మీది రేకులో ఉంటుంది, పెద్ద బండ్లలో 130, 150 బార్ లాంటి అంకెలు. రేకు లేని రీకండిషన్ పంపుని అక్కడే వదిలేసి రండి.

క్వారీ బండ్ల పంపు తొందరగా అరగడానికి కారణం ఉంది. లోడుతో, నిదానంగా, గతుకుల్లో బండి మలపాలి. ఇంజిన్ ఐడిల్‌లో ఉంటుంది, అంటే పంపు తక్కువ తిరిగేటప్పుడే పని ఎక్కువ. పైగా డ్రైవర్ ఫుల్ కట్ కొట్టి, అంటే స్టీరింగ్ కొసదాకా తిప్పి, అలాగే పట్టుకుంటే రిలీఫ్ తెరుచుకుని ఆయిల్ పంపులోనే తిరిగి కాగిపోతుంది. 5 సెకన్లు మించి పట్టుకోకూడదు. స్టీరింగ్ ఆయిల్ పోసే డబ్బా మూత సరిగా బిగించకపోతే రాతిపొడి తోడవుతుంది, రింగు గీతలు పడిపోతుంది.

అందుకే కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా వెనక కవర్ విప్పి చూపించమనండి. రింగు లోపల గోరు పెట్టి లాగితే అలలు తగలకూడదు. పలకల గుండ్రటి అంచు రింగు వైపే ఉండాలి, తిరగేసి పెట్టినవి వస్తుంటాయి. ఫ్లో వాల్వుని వేలితో నొక్కితే జారి, వదిలితే వెనక్కి రావాలి. తిరిగే దిక్కు మీ పాత పంపుతో సరిపోవాలి. ఇవన్నీ బాగుండి ధర కొత్తదాంట్లో సగం లోపుంటేనే బేరం. సగం దాటితే కొత్తదే నయం.

అసలు పంపే పోయిందా? స్టీరింగ్ గట్టిపడగానే పంపు మీద తోసేయడం అలవాటైపోయింది. పంపుకీ, చక్రాల్ని మలిపే స్టీరింగ్ బాక్సుకీ మధ్య ప్రెషర్ గేజి, వాల్వు పెట్టండి. ఆయిల్ వేడెక్కాక ఐడిల్‌లో వాల్వుని 5 సెకన్లు మించకుండా మూయండి. రేకు మీది ప్రెషర్ వస్తే పంపు బాగానే ఉంది, తప్పు బాక్సులోనో, ముందు చక్రం మలగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌లోనో వెతకాలి. పంపు కూత పెడుతూ డబ్బాలో నురగ కనిపిస్తే ముందు పీల్చే హోసు క్లాంపులు బిగించి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు కలిసి ఉండొచ్చు.

బిగించేటప్పుడు జరిగే పొరపాటే రీకండిషన్‌కి చెడ్డపేరు తెస్తోంది. పాత పంపు ఇనుపరజను పైపుల్లో, బాక్సులో ఉండిపోతుంది. రిటర్న్ పైపు క్యాన్‌లో పెట్టి పాత ఆయిల్ పూర్తిగా తీసేయాలి, డబ్బాలో ఫిల్టర్ కొత్తది వేయాలి. బండి పుస్తకంలో చెప్పిన ఆయిలే, చాలావాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్), పోయాలి. తర్వాత ముందు ఇరుసు జాకీ మీద లేపి, డీజిల్ ఆపి స్టార్టర్‌తో కాస్త తిప్పి, డబ్బా మళ్లీ నింపాలి. అప్పుడు స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా తిప్పుతుండాలి. కొసల దగ్గర ఆపొద్దు.

తప్పు పంపులోనే ఉన్నా ఒక సందర్భంలో మాత్రం దాన్ని మార్చే పనే లేదు. గేరుతో తిరిగే పంపులో బయట ఎక్కడా కారకుండా డబ్బాలో ఆయిల్ తగ్గుతూ ఇంజిన్ సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలో) మట్టం పెరుగుతుంటే షాఫ్టు సీలు పోయినట్టు. షాఫ్టు మీద సీలు కూర్చునే చోట గాడి పడకుండా ఉంటే సీల్ కిట్‌తో సరిపోతుంది. కొనేటప్పుడు పంపు రేకు మీది పార్ట్ నంబరు చూపించి అడగండి.