మూడేళ్లుగా ఒక బెట్టా, ఇరవై లీటర్ల నీళ్లు: వాడి చూసిన వస్తువుల మీద నా మాట

మా బెట్టా చేప నీలుగాడు వచ్చి మూడేళ్లు దాటింది. ముదురు నీలం ఒళ్లు, తోక అంచున కాస్త ఎరుపు. వాడి నీళ్లు బాగుండాలని ఈ మూడేళ్లలో నేను కొన్నవాటిలో కొన్ని ఇప్పటికీ పనిచేస్తున్నాయి, కొన్ని అటకెక్కాయి. కొత్తగా బెట్టాను తెచ్చుకున్నవాళ్లకు పనికొస్తుందని, నా వాడకంలో తేలిన సంగతులు రాస్తున్నాను.

మొదటి మూడు వారాలూ వాణ్ణి మూడు లీటర్ల గాజు జాడీలో ఉంచాను. బెట్టాకు కాసిన్ని నీళ్లు చాలంటే నమ్మేశాను. ఈ చేపకు మొప్పలు కాక, పైకొచ్చి గాలి పీల్చుకోడానికి లాబిరింత్ అనే అవయవం ఒకటి ఉంటుంది. అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీళ్లలో కూడా నెట్టుకొస్తుంది. నీళ్లలో విషం చేరితే మాత్రం ఆ అవయవం చేసేదేమీ లేదు. వాడు రెక్కలు ముడుచుకుని అడుగున పడుకునేవాడు, మొప్పల అంచులు ఎర్రబడ్డాయి. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి. ఏమైందో అర్థం కాక ఒకటే టెన్షన్.

అప్పుడు తెచ్చిందే చుక్కల టెస్ట్ కిట్. నేను కొన్న అన్నింటిలోకీ దీనికే మొదటి స్థానం. నా కిట్‌లో అమోనియా పరీక్ష ఇలా ఉంటుంది: చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి, మూత బిగించి ఊపి, 5 నిమిషాలు ఆగాలి. పసుపుగానే ఉంటే అమోనియా లేనట్టు. మొదటిసారి చేసినప్పుడు ఆ పసుపు నా కళ్ల ముందే ఆకుపచ్చలోకి తిరిగింది. గొట్టాన్ని తెల్ల కార్డుకు ఆనించి, కిటికీ వెలుతురులో రెండుసార్లు పోల్చి చూశాను. 1 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు! ఉండాల్సింది సున్నా. అద్దంలాంటి నీళ్లలో వాడి మొప్పలు మండిపోతున్నాయని ఆ రంగు చూశాకే తెలిసింది. కాగితపు పట్టీలు కూడా ఒక డబ్బా వాడాను. ముంచి తీస్తే సరిపోతుంది కానీ, రంగుల మధ్య తేడా సరిగ్గా తేలదు, డబ్బాలోకి చెమ్మ వెళ్తే పట్టీలు పాడవుతాయి. పైగా నేను కొన్న పట్టీల్లో అమోనియా గడే లేదు. వాటి జోలికి మళ్లీ వెళ్లలేదు.

ఆ వారమే ఇరవై లీటర్ల తొట్టి పెట్టి స్పాంజ్ ఫిల్టర్ బిగించాను. చేప విసర్జించేదీ, మిగిలిన మేత కుళ్లేదీ అమోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ కొంచెమున్నా చేపకు హానే. నైట్రేట్‌ను మాత్రం కొంతవరకు తట్టుకుంటుంది, నీళ్లు మారుస్తూ తగ్గించుకోవచ్చు. ఈ బ్యాక్టీరియా కాపురం పెట్టేది ఎక్కువగా ఆ స్పాంజ్‌లోనే. అవి కుదురుకోడానికి మా తొట్టిలో ఆరు వారాలు పట్టింది. అప్పటికే చేప లోపలుంది కాబట్టి రోజూ పరీక్ష చేయడం, రోజు విడిచి రోజు నీళ్లు మార్చడం తప్పలేదు. మూడో వారంలో నైట్రైట్ గొట్టం లేత నీలం నుంచి ఊదాకు తిరిగితే గుండె జారింది. మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే చేపను తేకముందే ఈ బ్యాక్టీరియా కుదురుకునేదాకా తొట్టిని నడిపిస్తాను, వాడికి ఆ ఆరు వారాల బాధ లేకుండా.

బెట్టాకు స్పాంజ్ ఫిల్టర్‌ను మించింది నాకు కనిపించలేదు. పొడుగు రెక్కల చేప, ప్రవాహం ఎక్కువైతే ఈదలేక అలసిపోతుంది. దీంట్లో బుడగలు మెల్లగా వస్తాయి. గాలి పంపు గొట్టానికి చిన్న వాల్వ్ పెట్టి ఇంకాస్త తగ్గించాను. పంపు రొద ఒక్కటే ఇబ్బంది, కింద మెత్తటి గుడ్డ వేశాక అదీ తగ్గింది.

ఈ ఫిల్టర్‌తోనే నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. ఏడాది గడిచాక ఒకరోజు స్పాంజ్ గోధుమరంగులోకి మారి జిగటగా ఉందని కుళాయి కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండి పిండి కడిగాను. మూడో రోజు పొద్దున వాడు మేతకు రాలేదు. పరీక్ష చేస్తే అమోనియా 0.5. ఆ గోధుమరంగు జిగటలోనే ఉన్న బ్యాక్టీరియాలో చాలావరకు నా చేతులతో నేనే కడిగేశాను, మిగిలినవాటిని కుళాయి నీళ్లలోని క్లోరిన్ చంపింది. పది రోజులపాటు రోజూ కొంత నీళ్లు మారుస్తూ వచ్చాను. ఇప్పుడు నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే స్పాంజ్‌ను రెండుసార్లు మెల్లగా నొక్కి మళ్లీ పెట్టేస్తాను. నీళ్లు ధారాళంగా పోతే చాలు, తెల్లబడక్కర్లేదు.

నైట్రేట్ పరీక్షలో ఒక మెలిక ఉంది, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. నా కిట్‌లో దాని రెండో సీసాను వాడేముందు 30 సెకన్లు గట్టిగా ఊపాలి, లోపలి పొడి అడుగున పేరుకుంటుంది. ఆ సంగతి తెలియక నెలల తరబడి 5 పీపీఎం చూసి నిశ్చింతగా ఉన్నాను. ఒకరోజు సూచనల కాగితం పూర్తిగా చదివి, సీసాను ఊపి చేస్తే 40 వచ్చింది. అప్పటినుంచి వారానికోసారి ఐదు లీటర్లు తీసి, అడుగున చెత్తను సైఫన్ గొట్టంతో లాగి, కొత్తవి పోస్తున్నాను. 20 దాటనివ్వడం లేదు. ఆవిరైనంత నీళ్లు పైన పోస్తే మార్చినట్టే అనుకునేవాళ్లున్నారు. ఆవిరయ్యేది నీరే, నైట్రేట్ తొట్టిలోనే మిగిలిపోతుంది.

కొత్త నీళ్లకు కండిషనర్, అంటే కుళాయి నీళ్లలోని క్లోరిన్‌ను విరిచే ద్రావణం, తప్పనిసరి. ఒక రోజు బకెట్‌లో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ, క్లోరిన్‌కు అమోనియా కలిపితే వచ్చే క్లోరమిన్ అలా పోదు.

ఇక వేడి. బెట్టాకు 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ హాయి. అంతకంటే ముఖ్యం, రాత్రీ పగలూ ఒకేలా ఉండటం. మొదట కొన్న హీటర్ రెండో ఏడాది చివర్లో ఆగకుండా వేడెక్కుతూ పోయింది, లోపలి థర్మోస్టాట్ ఇరుక్కుపోయినట్టుంది. చూసేసరికి 31 డిగ్రీలు. వాడు పైకొచ్చి పదేపదే గాలి మింగుతున్నాడు. హీటర్ తీసేసి, మూత తెరిచి, మెల్లగా చల్లారనిచ్చాను. కంగారుపడి చల్లనీళ్లు గుమ్మరించి ఉంటే ఆ దెబ్బ ఇంకా పెద్దదయ్యేది. ఇప్పుడు 25 వాట్ల హీటర్‌ను, నీళ్ల వేడిని చూసి కరెంటు ఆపే వేరే కంట్రోలర్‌కు కలిపి వాడుతున్నాను, ఒకటి చెడినా రెండోది కరెంటు ఆపుతుంది. గాజుకు బయట అతికించే థర్మామీటర్ పట్టీ గదిలోని వేడిని కూడా కలిపి చూపిస్తుంది. నీళ్లలో ముంచేదే కొనండి. కొత్త నీళ్లు పోసేముందు బకెట్‌లోనూ దాన్నే ముంచి చూస్తాను.

పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) తగ్గించే ద్రావణం మాత్రం అసలు కొనకండి. మా నీళ్ల పీహెచ్ 7.6. 6.5 నుంచి 7.5 ఉండాలని చదివి, ఆ ద్రావణం వేస్తే సాయంత్రానికి 6.8కి దిగింది. పొద్దున చూస్తే మళ్లీ 7.6! నీళ్లలోని కార్బొనేట్లు దాన్ని వెనక్కి లాగేస్తాయి. రెండు రోజులు ఆ ఊగిసలాటలో వాడు డీలాపడిపోయాడు. ఆపేశాను. అప్పటినుంచి 7.6లోనే చక్కగా ఉన్నాడు. అయితే పీహెచ్ పెరిగేకొద్దీ అమోనియాలో విషపు భాగం కూడా పెరుగుతుంది, 7తో పోలిస్తే 8 దగ్గర దాదాపు పది రెట్లు. మీ నీళ్లు కూడా ఇలాంటివే అయితే అమోనియా పరీక్ష మానకండి.

ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తాను, నీళ్లు పలచటి టీ రంగులోకి వస్తాయి. మా నీళ్లలో దానివల్ల పీహెచ్ కదల్లేదు కానీ, వాడికి అది ఇష్టం. ఈమధ్య వయసు మీదపడి ఈత తగ్గింది. ఆకు పైదాకా తేలి ఉంటే దాని మీద పడుకుని, తల కొంచెం ఎత్తి గాలి పీల్చుకుంటున్నాడు. వాడికి ఎక్కువ దూరం పైకి ఈదే పని లేకుండా నీళ్ల మట్టం నాలుగు వేళ్లు తగ్గించాను. తొట్టిలో నీళ్లు తగ్గాయి కాబట్టి ఇప్పుడు వారానికి రెండుసార్లు పరీక్ష చేస్తున్నాను. అమోనియా సీసాలో ఇంకో నెలకు సరిపడా ఉంది, కొత్త కిట్ అప్పుడే తెచ్చి పెట్టుకున్నాను.